రోడ్డు సైక్లింగ్‌ను వృత్తిగా ఎంచుకోవాలనుకునే పిల్లలకు విశాఖ నుంచి దారి ఎలా ఉంది? అనుభవాలు చెప్పగలరు

మధురవాడ_నాన్న:
అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. తెల్లవారకముందే లేచి ఋషికొండ మీదుగా భీమిలి దాకా సైకిల్ తొక్కి వస్తాడు. ఇప్పుడు రోడ్డు రేసింగే తన వృత్తి కావాలని పట్టుబడుతున్నాడు. వాడిని నిరుత్సాహపరచాలని నాకు లేదు. అయితే ఆ వృత్తిలో మనిషి చేసే పని ఏమిటో, అందులోకి ఎలా వెళ్తారో తెలుసుకోకుండా చదువు పక్కన పెట్టమని చెప్పలేకపోతున్నాను. పోటీల్లో పాల్గొన్నవారు దయచేసి రాయండి.

ఘాట్_రోడ్డు:
నేను రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో తొక్కాను కనుక తెలిసినది రాస్తున్నాను. రోడ్డు రేసు చూడటానికి వ్యక్తిగత పోటీలా కనిపిస్తుంది కానీ, అది జట్టు పని. ఫ్రాన్స్‌లో ఏటా మూడు వారాలు జరిగే పెద్ద రేసు టూర్ ద ఫ్రాన్స్‌లో జట్టుకు 8 మంది చొప్పున 21 దశల్లో సుమారు 3,400 కిలోమీటర్లు తొక్కుతారు. వారిలో గెలుపు కోసం తొక్కేది ఒకరో ఇద్దరో. మిగిలినవారు నాయకుడికి ఎదురుగాలి తగలకుండా ముందు నిలవడానికి, జట్టు కారు దగ్గరికి వెళ్లి నీళ్ల సీసాలు తెచ్చి పంచడానికి, అవసరమైతే తమ చక్రం విప్పి ఆయనకు ఇవ్వడానికి జీతం తీసుకుంటారు. ఒక్క గెలుపూ లేకుండా ఏళ్ల తరబడి ఈ పని చేసి గౌరవంగా విరమించినవారు ఎందరో ఉన్నారు. మీ అబ్బాయికి ఆ పని నచ్చుతుందా అన్నది ముందు అడగండి.

ఇక జట్ల సంగతి. అంతర్జాతీయ సమాఖ్య యూసీఐ లెక్కలో పురుషుల జట్లు మూడు అంచెలు: వరల్డ్‌టూర్, ప్రోటీమ్, కాంటినెంటల్. పై రెండింటిలో కనీస వేతనం నిబంధనగా ఉంది, కాంటినెంటల్‌లో యూసీఐ అలాంటిదేమీ విధించలేదు. మన దేశపు కుర్రవాడు మొదట చేరగలిగేది ఈ మూడో అంచెలోనే కనుక, తొలి ఏళ్లలో ఇంటి నుంచి డబ్బు పెట్టవలసి వస్తుందని మీరు సిద్ధపడాలి.

పెదవాల్తేరు_రైడర్:
పై మాటలతో పూర్తిగా ఏకీభవిస్తూ ఒక విషయం చేర్చుతాను. విశాఖలో శిక్షణకు కొండల కొరత లేదు. సింహాచలం ఘాట్ ఉంది, శృంగవరపుకోట దాటాక దముకు, అనంతగిరి మీదుగా అరకు వైపు ఎక్కే పొడవైన దారి ఉంది. మధ్యాహ్నం సముద్రం మీది గాలి భీమిలి రోడ్డును అడ్డంగా కొడుతుంది కాబట్టి, ఏటవాలు వరుసలో ఒకరి చాటున ఒకరు తొక్కడం నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. మనకు లేనిది బంచ్, అంటే రేసులో దగ్గర దగ్గరగా కలిసి తొక్కే పెద్ద గుంపు. వందమంది మధ్య, ముందున్న చక్రానికి జానెడు దూరంలో, మలుపులో బ్రేకు నొక్కకుండా నిలబడే ధైర్యం ఒంటరిగా తొక్కితే ఎన్నేళ్లకూ రాదు. చాటున తొక్కడం వల్ల శ్రమ సుమారు మూడో వంతు తగ్గుతుంది. అది తెలియనివాడు ఎంత బలవంతుడైనా చివరి పది కిలోమీటర్లకు అలిసిపోతాడు.

ఎరిత్రియాకు చెందిన బినియమ్ గిర్మాయ్‌ను చూడండి. అస్మారాలో సైకిల్ రేసులు వీధి వేడుకల్లాంటివి, అతను ఆ గుంపుల్లోనే పెరిగాడు. తర్వాత స్విట్జర్లాండ్‌లోని ఏగ్ల్‌లో యూసీఐ నడిపే శిక్షణ కేంద్రానికి వెళ్లాడు. 2022లో బెల్జియంలో జరిగే ఒకరోజు రేసు గెంట్-వెవెల్‌గెమ్ గెలిచాడు, 2024 టూర్ ద ఫ్రాన్స్‌లో మూడు దశలతో పాటు, పాయింట్లలో మొదటివాడికిచ్చే ఆకుపచ్చ జెర్సీ సాధించాడు. డబ్బున్న దేశం కాకపోయినా వారికి బంచ్ ఉంది. మనం ఆదివారాల్లో కనీసం ఇరవై మందిమైనా కలిసి, వంతులవారీగా ముందుకు వస్తూ తొక్కడం అలవాటు చేసుకుంటే ఈ నగరం పిల్లలకు ఎంతో మేలు జరుగుతుంది.

మధురవాడ_నాన్న:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మావాడికి పదహారేళ్లు నిండాయి, ఆలస్యమైందేమో అనే బెంగ కూడా ఉంది.

ఘాట్_రోడ్డు:
ఆలస్యం కాలేదండీ. స్లొవేనియా క్రీడాకారుడు ప్రిమోజ్ రోగ్లిచ్ ఇరవై దాటేవరకు స్కీ జంపింగ్‌లో ఉండి, ఆ తర్వాత సైక్లింగ్‌కు వచ్చి స్పెయిన్‌లో జరిగే మూడు వారాల రేసు వుయెల్టాను నాలుగుసార్లు, 2023లో ఇటలీలో జరిగే అలాంటి రేసు జిరో ద ఇటాలియాను గెలిచాడు. అయితే అతనికి అప్పటికే మేటి క్రీడాకారుడి శరీరం, క్రమశిక్షణ ఉన్నాయి. 17, 18 ఏళ్లవారు జూనియర్ విభాగంలోకి వస్తారు కనుక వచ్చే రెండేళ్లు మీవాడికి కీలకం. ఇంటర్ మాత్రం పూర్తి చేయించండి. మన దేశంలో సైక్లిస్టులకు ఎక్కువగా దొరికే భద్రత రైల్వేలు, సైన్యం క్రీడా కోటాలోనే ఉంది, అక్కడ మార్కుల పత్రం అడుగుతారు.

సీతమ్మధార_అమ్మ:
మా అమ్మాయి వేరే క్రీడలో జాతీయ స్థాయికి వెళ్లింది కనుక తల్లిగా ఒక జాగ్రత్త చెబుతున్నాను. జూనియర్ పోటీల్లోనూ డోపింగ్ పరీక్షలు జరుగుతాయి. పరీక్షల జాబితాలోకి చేరినవారు ప్రతిరోజూ ఒక గంట తాము ఎక్కడ ఉంటారో ముందుగా తెలియజేయాలి, పన్నెండు నెలల్లో మూడుసార్లు తప్పితే, ఏ మందూ వాడకపోయినా, నిషేధం పడుతుంది. జిమ్ముల్లో అమ్మే ప్రోటీన్ పొడి డబ్బాలు కొననివ్వకండి. జలుబుకు మాత్ర వేసేటప్పుడు కూడా, మీ అబ్బాయి పోటీల్లో ఉన్నాడని డాక్టరుకు ముందే చెప్పి, చీటీ ఇంట్లో భద్రపరచండి.