డిమెన్షియా రక్త పరీక్షలు: నమూనా నిల్వ విషయంలో ఇంత పట్టుదల అవసరమా?

వేదవతి: అల్జీమర్స్ రక్త పరీక్షల్లో నేడు అందరూ నమ్ముతున్న పీ-టావ్ 217 అనే ప్రోటీన్ గది ఉష్ణోగ్రతలో కొన్ని గంటలున్నా పెద్దగా మారదు. అయినా రక్తం తీసిన వెంటనే సెంట్రిఫ్యూజ్ చేసి (యంత్రంలో గిరగిరా తిప్పి), కణాల నుంచి వేరైన ద్రవం ప్లాస్మాను మైనస్ 80 డిగ్రీల వద్ద ఉంచాల్సిందేనని పట్టుబడితే, ఈ పరీక్ష పెద్ద ఆసుపత్రుల గడప దాటదు.

పరిశీలకుడు: పీ-టావ్ వరకు మీ మాట నిజమే, వేదవతి గారూ. అయితే 2025 మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన మొట్టమొదటి అల్జీమర్స్ రక్త పరీక్ష పీ-టావ్ 217ను, ఈ జబ్బులో మెదడులో పేరుకునే ప్రోటీన్ అమిలాయిడ్ బీటా 42తో భాగించి చూస్తుంది. కణాల నుంచి ప్లాస్మాను వేరుచేయకుండా నమూనాను గదిలో వదిలేస్తే తరిగిపోయేది సరిగ్గా ఆ బీటా 42నే. హారం తగ్గితే నిష్పత్తి పెరుగుతుంది కనుక, జాప్యం వల్ల వచ్చే దోషం ఎప్పుడూ జబ్బు ఉందనే వైపుకే మొగ్గుతుంది. ఎన్ని నమూనాలు చూసినా అది సగటులో సర్దుకోదు. బీటా 42ను అదే ప్రోటీన్ మరో రూపమైన బీటా 40తో భాగించే పద్ధతిలో రెండూ ఇంచుమించు కలిసే తగ్గుతాయి కాబట్టి కొంత రక్షణ ఉంది. కాకపోతే మెదడులో అమిలాయిడ్ పేరుకున్నవారికీ లేనివారికీ ప్లాస్మాలో కనిపించే తేడా 10 శాతం అటూ ఇటూ మాత్రమే కావడంతో, చిన్న అజాగ్రత్తకే ఆ తేడా మాసిపోతుంది.

గాజునాళిక: నిల్వకు ముందే మొదలయ్యే పేచీ ఒకటుంది. రక్తం గడ్డకట్టకుండా వేసే రసాయనాన్ని బట్టి, ఈడీటీఏ ట్యూబుకు బదులు హెపారిన్ లేదా సిట్రేట్ ట్యూబు వాడితే విలువలే వేరుగా వస్తాయి. అమిలాయిడ్ గొట్టం గోడలకు అంటుకునే రకం కాబట్టి పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ గొట్టాలే వాడమంటారు.

వేదవతి: ఎఫ్‌డీఏ అనుమతించిన ఆ పరీక్షకు పాజిటివ్‌కు ఒకటి, నెగటివ్‌కు ఒకటి చొప్పున రెండు కటాఫ్‌లు ఉన్నాయి, మధ్యలో పడిన ఫలితాన్ని అనిశ్చితంగానే ప్రకటిస్తారు. 499 మందిపై జరిగిన అధ్యయనంలో అలా పడినవారు 20 శాతం లోపే. నమూనాను ఫ్రిజ్‌లో ఉంచి, రక్తం తీసిన సమయం రాసి, గడువు దాటినవాటిని తిరస్కరిస్తే చాలదా? మైనస్ 80 అవసరం ఏళ్ల తరబడి దాచే బయోబ్యాంకులది.

పరిశీలకుడు: సమయం రాయడం, తిరస్కరించడం నాకూ సమ్మతమే. అనిశ్చిత మండలం మాత్రం రక్షణ కాదు, ఎందుకంటే ఆ మండలంలో ఉండాల్సిన మనిషిని పాజిటివ్‌లోకి నెట్టేది ఈ జాప్యమే. పైగా కొన్నాళ్లపాటు మైనస్ 20లో ఉంచితే ఎన్‌ఎఫ్‌ఎల్, జీఎఫ్‌ఏపీ అనే ఇతర ప్రోటీన్ల విలువలు కూడా కదులుతాయి కనుక, ఒక ప్రోటీన్‌కు పెట్టిన గడువు మరోదానికి చెల్లదు. మీరు చెప్పే తిరస్కరణ గడువును బీటా 42ను బట్టి పెట్టేట్టయితే నాకు అభ్యంతరం లేదు.