మిషన్ ట్రిప్ అయిపోయాక అక్కడ ఏం మిగులుతుంది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

అందరికీ వందనాలు. మా సంఘం యూత్‌ని వేరే దేశంలోని ఒక చిన్న సంఘానికి రెండు వారాల మిషన్ ట్రిప్‌కి పంపాలనుకుంటున్నాం. ఏర్పాట్లన్నీ నాకు అప్పగించారు. పగలు గోడలకు రంగులు, పిల్లలకు వీబీఎస్ (సెలవుల బైబిల్ తరగతులు), సాయంత్రం సువార్త కూటాలు. ప్లాన్ ఇదీ.

1998లో మిచ్ తుఫాను తర్వాత హోండురస్‌లో ఇళ్లు కట్టడానికి వెళ్లిన ఉత్తర అమెరికా బృందాల మీద కర్ట్ వెర్ బీక్ అనే సోషియాలజిస్టు చేసిన అధ్యయనం గురించి చదివాను. బయటివాళ్లు కట్టిన ఇళ్లలో ఉన్న కుటుంబాలకీ, స్థానికులు కట్టిన ఇళ్లలో ఉన్నవాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదట. తమ జీవితం మారిపోయిందన్న బృంద సభ్యుల్లో చాలామంది ఆ తర్వాత ఇచ్చిన కానుకల్లో కూడా ఆ మార్పు అంతగా కనిపించలేదు. అప్పటినుంచి ఒకటే టెన్షన్.

మన టికెట్ల డబ్బుతో అక్కడి మేస్త్రీకే కొన్ని నెలల పని దొరుకుతుంది కదా? వీబీఎస్ చివరి రోజు మన పిల్లల్ని వదలకుండా ఏడ్చే చిన్నారిని మర్నాడు ఎవరు పలకరిస్తారు? చేతులెత్తి ప్రభువును అంగీకరించినవాళ్లకి బాప్తిస్మం దాకా, ఆ తర్వాత కూడా తోడుండేది అక్కడి పాస్టర్ గారే. ఆయనకి నిజంగా ఏం కావాలో మేమింకా సరిగ్గా అడగనేలేదు.

అలాగని ట్రిప్ మానేయాలని లేదు. యూత్‌లో సేవాభారం, అంటే సేవ చేయాలన్న తపన, పుట్టడం కూడా విలువైనదే.

ఇలాంటి బృందాలకు ఆతిథ్యమిచ్చిన సంఘాలవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి: ఏళ్లు గడిచాక మీ దగ్గర నిలిచినదేమిటి? మొహమాటం లేకుండా అవసరాలు చెప్పాలంటే మేం ఎలా అడగాలి?