కిడ్నీ రాయితో ఈఆర్‌కి (హాస్పిటల్ ఎమర్జెన్సీకి) వెళ్తే 6,800 డాలర్ల బిల్లు, చీప్ ఇన్సూరెన్స్ 500 మాత్రమే ఇస్తానంటోంది, ఏం చేయాలి?

ఎంఎస్_రెండో_సెమ్

అన్నలకి, అక్కలకి నమస్తే. అమెరికా వచ్చి ఏడు నెలలైంది, ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఎంఎస్ చేస్తున్నాను. మా యూనివర్సిటీ ఇన్సూరెన్స్ ప్లాన్ ఏడాదికి దాదాపు 3,000 డాలర్లు, బయట 600కే దొరుకుతోందని రూమ్మేట్స్ చెబితే యూనివర్సిటీది వద్దని వేవర్ పెట్టి ఆ బయటి ప్లానే తీసుకున్నాను. నాన్న ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తెచ్చారు, ఎక్కడ నాలుగు డాలర్లు మిగిలినా మేలే అనుకున్నా.

పోయిన నెల ఒక రాత్రి రెండింటికి కుడివైపు నడుం దగ్గర మొదలైన నొప్పి పొత్తికడుపులోకి దిగింది. కూర్చోలేను, పడుకోలేను, ఒళ్ళంతా చెమట. అపెండిక్స్ ఏమోనని రూమ్మేట్ కారులో ఈఆర్‌కి తీసుకెళ్ళాడు. సీటీ స్కాన్ తీసి చిన్న రాయి ఉంది, దానంతటదే పడిపోతుందని చెప్పి తెల్లారేసరికి పంపించేశారు. ఇప్పుడు రెండు కవర్లు వచ్చాయి, హాస్పిటల్ నుంచి 6,800, డాక్టర్ల గ్రూపు నుంచి విడిగా 1,150. ఇన్సూరెన్స్ వాళ్ళేమో ఈఆర్‌కి గరిష్ఠంగా 500 అని ఒక్క కాగితం పంపి ఊరుకున్నారు.

ఇంట్లో చెప్పలేదు, నిద్ర పట్టడం లేదు. క్రెడిట్ కార్డుతో కట్టేయనా? కట్టకపోతే వీసాకి ఏమైనా అవుతుందా? రెండు రోజుల నుంచి మళ్ళీ కొద్దికొద్దిగా నొప్పి వస్తోంది, ఇంకో బిల్లు వస్తుందని డాక్టర్ దగ్గరికి వెళ్ళాలంటేనే భయంగా ఉంది.

పబ్లిక్‌హెల్త్_అక్క

తమ్ముడూ, బిల్లు సంగతి తర్వాత, ముందు నొప్పి. రేపు పొద్దున్నే క్యాంపస్ హెల్త్ సెంటర్‌కి ఫోన్ చెయ్. చాలా యూనివర్సిటీల్లో ప్రతి సెమిస్టర్ ఫీజులోనే హెల్త్ ఫీజు అని ఒకటి కలిపి తీసుకుంటారు, వేవర్ పెట్టినా అది పోదు, కాబట్టి డాక్టర్‌ని చూడటానికి ఏమీ కట్టక్కర్లేకపోవచ్చు, ఉన్నా కొద్దిగానే. ఎంతవుతుందో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడుగు. కానీ ఈలోపు జ్వరం, చలి వచ్చినా, ఆగకుండా వాంతులైనా, మూత్రం రాకపోయినా, వెంటనే మళ్ళీ ఈఆర్‌కే వెళ్ళు. రాయి అడ్డుపడి ఇన్ఫెక్షన్ వస్తే ప్రాణం మీదికి వస్తుంది. డబ్బు లేదని ఈఆర్ వాళ్ళు వెనక్కి పంపకూడదు, పరీక్ష చేసి పరిస్థితి నిలకడగా అయ్యేదాకా చూడాలని 1986 నుంచీ చట్టం ఉంది.

ఇక బిల్లు. క్రెడిట్ కార్డు మీద మాత్రం వెయ్యకు. ఒకసారి కార్డు మీదికి వెళ్ళిందంటే అది కార్డు కంపెనీకి నువ్వు తీర్చాల్సిన అప్పు, వడ్డీ మొదలవుతుంది, హాస్పిటల్ తగ్గించడానికి ఇక ఏమీ మిగలదు. బిల్లింగ్‌కి ఫోన్ చేసి రెండు అడుగు, ఐటమైజ్డ్ బిల్లు (దేనికెంతో విడివిడిగా రాసింది), ఫైనాన్షియల్ అసిస్టెన్స్ (బిల్లు తగ్గింపు) అప్లికేషన్. ఆ హాస్పిటల్ నాన్-ప్రాఫిట్ అయితే, ఇక్కడ చాలా హాస్పిటళ్ళు అవే, ఆదాయం తక్కువున్న వాళ్ళకి బిల్లు తగ్గించే పాలసీ రాతపూర్వకంగా పెట్టుకోవాలని ఫెడరల్ చట్టం. మొదటి బిల్లు తేదీ నుంచి 240 రోజుల దాకా నీ అప్లికేషన్ తీసుకోవాల్సిందే, మొదటి 120 రోజులు క్రెడిట్ బ్యూరోలకి (మన అప్పుల రికార్డు ఉంచే కంపెనీలకి) రిపోర్ట్ చేయడం, కోర్టుకి వెళ్ళడం లాంటివి చేయకూడదు. పాలసీ వెనక ఏ డాక్టర్లకి ఇది వర్తిస్తుందో లిస్టు ఉంటుంది, నీ 1,150 గ్రూపు అందులో ఉందేమో చూడు.

నేను మాస్టర్స్‌లో ఉన్నప్పుడు చెయ్యి విరిగి 4,200 వచ్చింది. మూడు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్లు, వారానికి ఇరవై గంటల క్యాంపస్ జాబ్ పే స్లిప్పులు, అర పేజీ ఉత్తరం, అంతే పెట్టాను. ఆరు వారాలకి వచ్చిన కాగితంలో బ్యాలెన్స్ దగ్గర సున్నా ఉంది, లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను. అందరికీ సున్నా అవుతుందని చెప్పను, పాలసీని బట్టి ఉంటుంది, కానీ అడగకుండా కట్టొద్దు.

వీసాకి దీనికి సంబంధం లేదు. హాస్పిటల్ బాకీ వల్ల ఎఫ్-1 స్టేటస్ పోదు. కవర్లు తెరవకుండా పక్కన పెడితే కలెక్షన్స్‌కి (బాకీ వసూలు చేసే ఏజెన్సీకి) వెళ్ళొచ్చు, క్రెడిట్ దెబ్బతినొచ్చు, అదీ అసలు నష్టం.

పాత_సీనియర్

అక్క చెప్పినట్టే చెయ్ బ్రో. నేను ప్లాన్ గురించి చెప్తా, ఎందుకంటే ఇది ప్రతి ఆగస్టులో జరుగుతోంది, కొత్తగా వచ్చిన పిల్లలకి మన సీనియర్లే ప్రీమియం ఒక్కటే చూసి చెప్తున్నారు, నాకు నిజంగా బాధేస్తోంది. జే-1 (ఎక్స్ఛేంజ్ విజిటర్ వీసా) వాళ్ళకి ఒక్కో జబ్బుకి కనీసం లక్ష డాలర్ల కవరేజీ, డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలెట్టేముందు మనం కట్టేది) 500 దాటకూడదు అని రూలుంది. ఎఫ్-1కి అలాంటి ఫెడరల్ రూలేం లేదు, యూనివర్సిటీ ఏం పెడితే అది. అందుకే ఈఆర్‌కి ఇంత, స్కాన్‌కి ఇంత అని చిన్న చిన్న గరిష్ఠాలు పెట్టిన ప్లాన్లు మనకి అంటగడతారు. కొనేముందు బ్రోచర్ వదిలేసి, బెనిఫిట్స్ టేబుల్ ఉన్న పేజీ తెరిచి 'మాగ్జిమమ్' అనే మాట ఎక్కడెక్కడ ఉందో వెతకండి. పాత జబ్బులకి ఎన్ని నెలలు ఆగాలో కూడా అందులోనే రాస్తారు.

నువ్వైతే ఇంటర్నేషనల్ ఆఫీసులో అడుగు, కొన్నిచోట్ల వచ్చే సెమిస్టర్ నుంచి యూనివర్సిటీ ప్లాన్‌లో చేరనిస్తారు.

ఐదో_ఏడాది_పీహెచ్‌డీ

యూనివర్సిటీ ప్లాన్ ఉంటే అన్నీ సాఫీ అని మాత్రం అనుకోవద్దు. టీఏగా (టీచింగ్ అసిస్టెంట్‌గా) నా ప్రీమియంలో చాలా భాగం డిపార్ట్‌మెంట్ కడుతుంది, అయినా ఎంఆర్ఐకి ప్రయర్ ఆథరైజేషన్ (ఇన్సూరెన్స్ ముందస్తు అనుమతి) లేదని క్లెయిమ్ కొట్టేశారు. డినయల్ లెటర్ వచ్చాక అప్పీల్‌కి 180 రోజులు టైమిచ్చారు, డాక్టర్‌తో ఎందుకు అవసరమో ఉత్తరం రాయించి పంపాను, రెండోసారికి ఇచ్చారు. నీది కూడా ఒకసారి అప్పీల్ చెయ్, పోయేదేమీ లేదు.

ఇంకోటి, నిద్ర పట్టడం లేదన్నావు. క్యాంపస్ కౌన్సెలింగ్‌లో కూడా చెప్పు, టెన్షన్ మరీ ఎక్కువైతే ఏ రాత్రయినా 988 అనే మానసిక సంక్షోభ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యొచ్చు, ఇన్సూరెన్స్ అడగరు.

ఎంఎస్_రెండో_సెమ్

అక్కా, ఈ రోజు హెల్త్ సెంటర్‌కి వెళ్ళొచ్చాను. పరీక్ష చేసి ఇన్ఫెక్షన్ లేదన్నారు, రాయి పడితే పట్టుకోమని చిన్న ప్లాస్టిక్ జల్లెడ ఇచ్చారు, పట్టుకొస్తే అదేం రాయో టెస్టుకి పంపుతారట. విజిట్‌కి ఏమీ తీసుకోలేదు. బిల్లింగ్ వాళ్ళు ఫామ్ మెయిల్ చేశారు, గురువారం పది గంటలకి వాళ్ళ కౌన్సెలర్‌తో అపాయింట్‌మెంట్. నాన్నకి కూడా చెప్పేశాను, ముందు 'నొప్పి తగ్గిందా' అనే అడిగారు.

ఒక్క డౌట్, ఫామ్‌లో కుటుంబ సభ్యుల సంఖ్య అడిగారు. నేనొక్కడినే రాయాలా, ఇంటి దగ్గర వాళ్ళని కూడా కలపాలా?

పబ్లిక్‌హెల్త్_అక్క

ఒక్కో హాస్పిటల్ ఒక్కోలా లెక్కేస్తుంది, ఆ గడి ఖాళీగా వదిలి తీసుకెళ్ళు, కౌన్సెలర్ ముందు కూర్చుని అడిగి నింపు. పాస్‌పోర్ట్, ఐ-20 (స్టూడెంట్ వీసాకి యూనివర్సిటీ ఇచ్చిన పత్రం) కాపీలు కూడా వెంట పెట్టుకో. గురువారం ఏమైందో ఇక్కడ రాయి.