యిర్మీయా 29:11 వాగ్దానంగా వచ్చింది, మార్చిలో ఉద్యోగం పోయింది. దీన్నెలా తీసుకోవాలి?

నిజాంపేట్ బ్రదర్:
అందరికీ వందనాలండి. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి ఒక వాక్యమని ఇచ్చే వాగ్దానం కార్డు తీస్తే నాకు యిర్మీయా 29:11 వచ్చింది, "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్నది. అమ్మ ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టింది. మార్చిలో ప్రాజెక్ట్ అయిపోయిందని కంపెనీ వాళ్లు తీసేశారు, అప్పట్నుంచి ఇంటర్వ్యూలకి తిరుగుతూనే ఉన్నా. ప్రేయర్ మీటింగ్‌లో ఒకాయన తలమీద చెయ్యి పెట్టి రెండు నెలల్లో పెద్ద ఉద్యోగం వస్తుంది, దేవుడు చూపించాడు అన్నారు, ఆ రెండు నెలలూ దాటిపోయాయి. ఇంట్లో సంబంధం మాట్లాడుతుంటే జాబ్ వచ్చాకే అని ఆపేశా, సండే స్కూల్ పిల్లలకి చెప్పేవాణ్ణి అదీ మానేశా. ఈ వాక్యం నిజంగా నాకోసమేనా, లేక ఎప్పుడో యూదులకి చెప్పిన మాటని పట్టుకుని కూర్చున్నానా?

తార్నాక పాఠకుడు:
బ్రదర్, 28, 29 అధ్యాయాలు రెండూ ఒక్క బిగిన చదవండి. బబులోను రాజు నెబుకద్నెజరు క్రీ.పూ. 597లో యూదా రాజు యెకొన్యాని, ఆయనతోపాటు పెద్దల్ని, యాజకుల్ని, పనివాళ్లని బబులోనుకి చెరపట్టుకుపోయాడు, వాళ్లకి యిర్మీయా యెరూషలేము నుంచి పంపిన ఉత్తరం ఇది. 28లో హనన్యా అనే ప్రవక్త మందిరంలో అందరూ చూస్తుండగా, బబులోనుకి లొంగమనడానికి గుర్తుగా యిర్మీయా మెడమీద వేసుకున్న కాడి తీసి విరగ్గొట్టి, రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారు అన్నాడు. జనం వినాలనుకున్నది అదే కదా. ఆ హనన్యా అదే ఏడు చనిపోయాడు. యిర్మీయా ఉత్తరంలోనేమో బబులోనుకి 70 ఏళ్లు నిండాకే మిమ్మల్ని వెనక్కి తెస్తాను అని ఉంది, అది 10వ వచనం. మీ కార్డు మీదిది దాని వెనకాలే వస్తుంది! అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది ఊరు చూడకుండానే అక్కడే కన్నుమూసి ఉంటారు, అయినా దేవుడు వాళ్లతో కూడా హాని కాదు సమాధానమే అన్నాడు. పారసీక రాజు కోరెషు బబులోనుని పట్టుకుంది క్రీ.పూ. 539లో, ఆ తర్వాతే యూదులకి తిరిగెళ్లే దారి తెరుచుకుంది. మరి అప్పటిదాకా ఏం చెయ్యమన్నాడో 5, 6లో చూడండి, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లల్ని కనండి. నా దృష్టిలో ఈ ప్రవచనం బలమంతా అక్కడే ఉంది, విడుదల వచ్చేదాకా బతకడం ఆపొద్దు అంటున్నాడు.

మియాపూర్ సిస్టర్:
పై బ్రదర్ చెప్పింది కరెక్టే కానీ సందర్భం చెప్పి ఆ వాక్యాన్ని ఈయన చేతిలోంచి లాక్కున్నట్టు అవ్వకూడదండి. మా అమ్మ డయాలసిస్‌కి వెళ్లినన్నాళ్లూ ఈ వచనమే చెప్పుకునేది, తగ్గలేదు, ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది, కానీ భయంతో మాత్రం వెళ్లలేదు. దేవుని వాగ్దానాలన్నీ క్రీస్తులో అవును అన్నట్టే ఉన్నాయని పౌలు 2 కొరింథీ 1:20లో రాశాడు కదా, ఆయన ద్వారా అది మనదీ. డేట్ మాత్రం మనం వెయ్యకూడదు. 12, 13 కూడా చదవండి బ్రదర్, మీరు ప్రార్థన చేస్తే వింటాను, పూర్ణమనసుతో వెతికితే దొరుకుతాను అంటున్నాడు. ముందు దొరికేది ఆయనే.

సికింద్రాబాద్ అంకుల్:
బాబూ, 7వ వచనం ఎవరూ కార్డు మీద వెయ్యరు. చెరపట్టుకుపోయిన పట్టణం క్షేమం కోరి దానికోసం ప్రార్థన చెయ్యండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది అన్నాడు. తమ ఊరిని కొల్లగొట్టినవాళ్ల పట్టణం కోసం! మనకి ఈ సిటీ శత్రువేం కాదు, మన పక్కింటివాళ్లే. 2020 అక్టోబర్‌లో వరదలొచ్చి కాలనీలు మునిగినప్పుడు నీళ్లు ఏ మతం ఇల్లని చూడలేదు. ప్రార్థనలో మన ఉద్యోగం, మన వీసా, మన ప్లాటు అయ్యాక టైముంటే సిటీ అంటున్నాం, అది నాకు చాలా బాధగా ఉంటుంది. నీకిప్పుడు పగలు ఖాళీ ఉంటుంది కదా, మీ గల్లీలో పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పు, ఇంటర్వ్యూలకీ వెళ్తూ ఉండు.

నిజాంపేట్ బ్రదర్:
థాంక్స్ అండి, 10వ వచనం నేను ఇప్పటిదాకా చదవనేలేదు. మరి ఆ రెండు నెలలు అన్నాయన్ని ఏమనుకోవాలి? మళ్లీ కలిస్తే ఇంకో డేట్ చెప్తున్నారు.

తార్నాక పాఠకుడు:
ద్వితీయోపదేశకాండము 18:22 స్పష్టంగానే ఉంది, యెహోవా పేరున చెప్పింది జరగకపోతే అది ఆయన చెప్పిన మాట కాదు, దానికి భయపడక్కర్లేదు. ఆయనతో గొడవ వద్దు, మర్యాదగా చెప్పండి, అన్నా నాకోసం ప్రార్థన చెయ్యండి చాలు, డేట్ వద్దు అని. అప్పటికీ ఆగకపోతే మీ పాస్టర్‌గారికి చెప్పండి, ఇంకెంతమంది ఆ డేట్లు నమ్మి అప్పులు చేస్తున్నారో.

మియాపూర్ సిస్టర్:
ఆ సంబంధం వాళ్లకి ఉద్యోగం పోయిందని ఉన్నదున్నట్టు చెప్పి, అప్పుడు మాట్లాడండి బ్రదర్. వద్దంటే వద్దంటారు. అసలు అడక్కుండా మీరే ఆపెయ్యకండి.