పాత కామిక్స్ లాట్: ముందు ఏం చూడాలి, ఎలా దాచాలి, దేన్ని గ్రేడింగ్‌కి పంపాలి?

రంగులపుట అడిగారు:

1960ల నుంచి 1990ల దాకా వచ్చిన అమెరికన్ కామిక్స్ సుమారు రెండు వందలు ఒకే లాట్‌గా ఉన్నాయి. సగం పాత ప్లాస్టిక్ కవర్లలో ఉన్నాయి. ఆ కవర్లు కొన్ని పసుపు తిరిగి, అలలు అలలుగా ముడుచుకున్నాయి. మిగతావి పెట్టెలో ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి ఉన్నాయి. ఇన్‌క్రెడిబుల్ హల్క్ 181 ఒకటుంది, అట్ట చాలా శుభ్రంగా కనిపిస్తోంది. 1991 నాటి ఎక్స్‌మెన్ 1వ సంచికలు ఐదారు ఉన్నాయి. పదిహేను, ఇరవై ఏళ్లు దాచాలని ఉద్దేశం. కవర్లన్నీ మార్చాలా? హల్క్‌ని సీజీసీకి (ప్రతి స్థితిని పరిశీలించి గ్రేడు ఇచ్చే అమెరికన్ సంస్థ) పంపవచ్చా? కొన్నిటికి పిన్నుల చుట్టూ గోధుమరంగు మరక ఉంది, వాటినేం చెయ్యాలి?

నడిమిపేజీ:

అట్ట సంగతి పక్కన పెట్టి ముందు లోపలి పేజీలు లెక్కపెట్టండి. హల్క్ 181 (1974 నవంబరు) వుల్వరిన్ పూర్తిస్థాయిలో కనిపించిన మొదటి సంచిక. దాని ఉత్తరాల పేజీలో షానా ద షీ-డెవిల్ బొమ్మతో మార్వెల్ వాల్యూ స్టాంపు ఉండాలి. పాఠకులు కత్తిరించి దాచుకోవడానికే వేసిన స్టాంపు కాబట్టి చాలా ప్రతుల్లో అక్కడ చదరంగా చిల్లే ఉంటుంది. అది లేకపోతే అట్ట ఎంత మెరిసినా అది అసంపూర్ణ ప్రతే, గ్రేడు బాగా పడిపోతుంది లేదా లోపం ఉందని చెప్పే ఆకుపచ్చ క్వాలిఫైడ్ లేబుల్ వస్తుంది. స్టాంపు ఉందని సంతోషపడే ముందు పేజీ తిప్పి వెనకవైపు కూడా చూడండి. వేరే కాగితం మీంచి తెచ్చి అతికించి ఉంటే వెనక అచ్చు అక్కడ తెగిపోతుంది, అంచుల వెంట జిగురు గీత కనిపిస్తుంది.

మిగతా సంచికలకూ లెక్కే ముఖ్యం. ఆ కాలపు మామూలు సంచికలో ఎనిమిది కాగితాలు మధ్యకు మడిచి ఉంటాయి: 32 పేజీలు, పైన అట్ట. ఒక కాగితం ఊడిపోతే రెండు వేర్వేరు చోట్ల కలిపి నాలుగు పేజీలు పోతాయి. కథ ఒకచోట తెగితే దానికి జోడు చోట కూడా చూడండి. నడిమి కాగితం పోతే మాత్రం పట్టుకోవడం కష్టం, అది పోయినా మిగతా పుస్తకం బిగుతుగానే ఉంటుంది. పుస్తకాన్ని 90 డిగ్రీలకు మించి తెరవకండి. చేతులు కడిగి, పూర్తిగా ఆరాక పట్టుకోండి. నూలు గ్లవ్స్ వద్దు, చిన్న చిరుగుల్లో నూలు తగులుకుంటుంది.

తర్వాత మరమ్మతుల జాడ. అట్ట లోపలివైపు వెన్ను వెంట చూడండి. మడతల దగ్గర తెల్లబడ్డ గీతల్ని మార్కర్‌తో నింపి ఉంటే ఆ సిరా లోపలికి దిగి మరకగా కనిపిస్తుంది. చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చ్ వేస్తే పైన పూసిన రంగు, చుట్టూ ఉన్న అచ్చు రంగుతో కలవదు. అంచులు కత్తిరించి కొత్తగా చేశారా అన్నది కొలిస్తే తెలుస్తుంది: అదే ఏడాది, అదే సిరీస్ ప్రతి పక్కన పెట్టి కొలవండి. అప్పటి కటింగ్ మిషన్లు అంత సూటిగా కోసేవి కావు. మూడు అంచులూ బ్లేడుతో తీసినట్టు పదునుగా ఉంటే అనుమానించాల్సిందే. చిన్న రంగుచుక్క పడ్డా సీజీసీలో మామూలు నీలం లేబుల్ పోయి, మరమ్మతు జరిగిందని చెప్పే ఊదా లేబుల్ రావచ్చు. కొనేవాళ్లలో సగంమంది అక్కడే వెనక్కి తగ్గుతారు.

పీహెచ్7:

దాచడం గురించి. ఈ పుస్తకాల లోపలి కాగితం న్యూస్‌ప్రింట్. అందులో లిగ్నిన్ అనే కలప పదార్థం ఉంటుంది, కాలం గడిచేకొద్దీ ఆమ్లం పుడుతూనే ఉంటుంది. దాన్ని ఆపలేం, నెమ్మదింపజేయగలం. వేడి, తేమ, వెలుతురు ఈ మూడిటిలో వేడే ఎక్కువ చేటు చేస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ నష్టం పైకి కనిపించదు. పేజీ మూల మడిస్తే విరిగే స్థితికి వచ్చాక గానీ తెలియదు.

పసుపు తిరిగిన కవర్లు వెంటనే తీసేయండి. తీసేటప్పుడు మూతకున్న సెల్లోటేపుతో జాగ్రత్త: అది అట్టకు తగిలిందంటే రంగును పొరతో సహా లాక్కుపోతుంది. టేపు ఊడదీసే బదులు కవరు పక్క అంచు కత్తిరించి, బోర్డుతో (పుస్తకం వెనక పెట్టే గట్టి అట్ట) సహా పుస్తకాన్ని బయటికి జార్చండి. పీవీసీ కవర్లు ఏవీ వాడకండి, వాటిలోని మెత్తబరిచే రసాయనం కాగితం మీదికి వస్తుంది. మామూలు సంచికలకు పాలీప్రొపిలీన్ చాలు, కొన్నేళ్లకోసారి మార్చుకోవాలి. దీర్ఘకాలం ఉంచేవాటికి పూత లేని పాలిస్టర్, అంటే మనవాళ్లు మైలార్ అనేది. 1970ల నాటివాటికి 2 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యోవంతు) మందం సరిపోతుంది, చాలా విలువైనదైతే 4 మిల్.

కవరు కొలతలు తప్పితే మూలలు నలుగుతాయి. 1990ల సంచికలకు 6.875 అంగుళాల వెడల్పు, సిల్వర్ ఏజ్‌వాటికి (1950ల చివర, 1960లు) 7.125, అంతకు ముందరి గోల్డెన్ ఏజ్‌వాటికి 7.75. ముందు పుస్తకాన్ని బోర్డు మీద ఉంచి, రెండూ కలిపి లోపలికి తొయ్యాలి. మైలార్ అంచు గట్టిది, ఒంటరి పుస్తకాన్ని తోస్తే కింది మూలే ముందు దెబ్బతింటుంది.

బోర్డు విషయంలో చాలామంది మోసపోతారు. "ఆసిడ్ ఫ్రీ" అని రాసినవాటిలో కొన్నిటికి ఒకవైపు పూత మాత్రమే ఉంటుంది, లోపలి గుజ్జు ఆమ్లంగానే ఉంటుంది. 3 శాతం కాల్షియం కార్బొనేట్ బోర్డంతటా కలిపినదైతేనే ఎక్కువకాలం నమ్మవచ్చు.

నిలువుగా, ఒరగకుండా నిలబెట్టండి. పెట్టె సగమే నిండితే ఖాళీలో ఫోమ్ గానీ అట్టముక్కలు గానీ పెట్టండి, లేకపోతే ఒరిగి వెన్ను వంకర తిరుగుతుంది. తేమ 40 నుంచి 50 శాతం మధ్య నిలకడగా ఉంచండి, చిన్న హైగ్రోమీటర్ పెట్టెలోనే పెట్టండి. సిలికా జెల్ మరీ ఎక్కువ వేసి 30 కంటే దించితే కాగితం పెళుసవుతుంది. పెట్టె నేలకు ఆనకుండా, బయటిగోడకు తగలకుండా ఉండాలి. కలరా ఉండలు వెయ్యకండి, ఆ వాసన కాగితం పీల్చుకుంటే ఇక పోదు.

గోధుమరంగు మరక తుప్పు. పిన్ను పీకకండి, మార్చకండి, మార్చితే గ్రేడింగులో దాన్ని పట్టుకుంటారు. పొడిగా ఉంచితే తుప్పు అక్కడితో నిలుస్తుంది.

తొలిప్రతి:

విలువ దగ్గరికి వద్దాం. 1991 ఎక్స్‌మెన్ 1 ఐదు ముఖచిత్రాలతో ఎనభై లక్షల పైచిలుకు ప్రతులు వెళ్లింది. పైగా కొన్నవాళ్లు అది విలువైనదవుతుందనే కొత్తగా ఉండగానే కవర్లో పెట్టారు. కాబట్టి మంచి ప్రతులకు కరువు రాదు. 1992 చివర్లో నల్లసంచీలో వచ్చిన సూపర్‌మ్యాన్ 75దీ అదే పరిస్థితి. ఆ కాలపు మెరుపు అట్టలు చదువుకోవడానికి ఉంచుకోండి, మైలార్ ఖర్చు పెట్టకండి. 1984లో వచ్చిన టీనేజ్ మ్యూటెంట్ నింజా టర్టిల్స్ 1వ సంచిక మొదటి ముద్రణ మూడు వేల పైచిలుకే. దాని ధర నిలబడటానికి కారణం అందులోనే ఉంది. ముద్రణ తక్కువైన ఇలాంటివాటికే నకిలీలూ ఉంటాయి: 1977 నాటి సెరెబస్ 1కి అట్ట లోపలివైపు నిగనిగలాడితే నకిలీ, అసలుది మసకగా ఉంటుంది.

ధరల గైడ్ చూసేటప్పుడు చివరి వరుస చూసి లెక్క వేసుకోకండి. ఓవర్‌స్ట్రీట్ అనే గైడ్‌లో ఆ వరుస 10కి 9.2 గ్రేడుది. విడిగా పడి ఉన్న లాట్‌లో ఎక్కువ ప్రతులు 4 నుంచి 6 మధ్య తేలుతాయి. సినిమా ప్రకటనతో ఎగిరిన ధరా నమ్మదగింది కాదు, విడుదల అయ్యాక సాధారణంగా దిగుతుంది.

గ్రేడింగ్‌కి పంపాలా వద్దా అన్నది కూడికలతో తేలే విషయం. ఫీజు, రానుపోను రవాణా, బీమా, అమ్మేటప్పుడు వేలం కమిషన్ కలపండి. గ్రేడు వల్ల పెరిగే ధర ఆ మొత్తానికి రెట్టింపు లేకపోతే పంపడం దండగ, మీ గ్రేడు అంచనా ఒక మెట్టు తప్పినా నష్టమే. స్టాంపు ఉంటే హల్క్ 181 తక్కువ గ్రేడులోనైనా పంపదగ్గదే. "ఇంతకంటే మంచి ప్రతి లేదు" అనే సెన్సస్ (ఏ గ్రేడులో ఎన్ని ప్రతులు వచ్చాయో సీజీసీ ఉంచే పట్టిక) లెక్కకు మాత్రం అదనంగా చెల్లించకండి, రేపు ఇంకొకరు ఇంకో ప్రతి పంపితే ఆ మాట చెల్లదు.

రంగులపుట:

స్టాంపు ఉంది, వెనక అచ్చు కూడా తెగకుండా ఉంది. పేజీల లెక్క సరిపోయింది. వెన్ను దగ్గర చిన్న వంపులున్నాయి. పంపే ముందు ప్రెస్సింగ్ (వేడి, ఒత్తిడితో వంపులు సాపు చేయడం) చేయించవచ్చా?

నడిమిపేజీ:

వంపు దగ్గర రంగు విరిగిందో లేదో ఏటవాలు వెలుతురులో చూడండి. రంగు విరగని వంపు, వేలి ఒత్తుడు గుంట ప్రెస్సింగ్‌తో పోతాయి. తెల్లగీత పడితే పోదు. సీజీసీ ప్రెస్సింగ్‌ని మరమ్మతు కింద లెక్కించదు. ఇంట్లో ఇస్త్రీపెట్టెతో మాత్రం వద్దు: వేడి ఎక్కువైతే అట్ట మెరుపు కాగితానికి అంటుకుంటుంది, పిన్ను అచ్చు అవతలి పేజీల మీద పడుతుంది. ఇంకొకటి, ప్రెస్ చేసే ముందు కాగితానికి తేమ పట్టిస్తారు. హల్క్ పిన్నులకూ తుప్పుంటే ఆ మాట ముందే చెప్పండి, తేమ తగిలితే ఆ మరక కాగితంలోకి ఇంకా పాకుతుంది.