చిత్తూరు నాగయ్యది చిత్తూరు కాదంట! ఇట్లాంటి పేర్ల వెనక కథలుంటే చెప్పండబ్బా

బైరాగిపట్టెడ_బ్యాచ్:
అందరికీ నమస్తే. మాది తిరుపతి. మా అపార్ట్‌మెంట్‌లో వినాయక చవితికి పిల్లోళ్లకీ పెద్దోళ్లకీ కలిపి క్విజ్ పెడతాం, ఈసారి ప్రశ్నలు రాసే పని నా నెత్తిన పడింది. బిరుదులు, ముద్దుపేర్లు అని ఒక రౌండ్ పెట్టి, ఒకటన్నా సులువుగా ఉండాలి కదా అని 'చిత్తూరు నాగయ్య సొంతూరు ఏది' అని అడిగినా. మూడో ఫ్లోర్‌లో ఉండే రిటైర్డ్ అయ్యవారు లేచి 'రేపల్లె' అన్నారు. తప్పు సార్ అని మార్కు కొట్టేసినా. ఆయన ఒక్క మాట కూడా అనకుండా కూర్చున్నారు, అదే ఇంకా చంపేసింది నన్ను, రాత్రి ఫోన్లో చూసుకుంటే ఆయన చెప్పిందే కరెక్ట్! ఇప్పుడు సంక్రాంతికి కూడా నన్నే రాయమంటున్నారు, శిక్ష అనుకుంటా. ఆంధ్రకేసరి ఎవరు, నటసామ్రాట్ ఎవరు టైపు వద్దు, అవి ఐదో క్లాసు పిల్లోడు కూడా చెప్పేస్తాడు. పేరు ఎందుకొచ్చిందో కథ ఉండేవి కావాల.

గిరింపేట_గిరి:
అన్నా నీ తప్పేం లేదు, చిత్తూర్లో పుట్టి పెరిగిన మాకే సగం మందికి తెలీదు. ఆయన పుట్టింది 1904లో, రేపల్లెలో. తర్వాత మన చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లో వేషాలేసి, పద్యాలు పాడి పేరు తెచ్చుకున్నాడు, సినిమాల్లోకి పోతా పోతా ఊరి పేరు కూడా ఎత్తుకోని పోయినాడు. అసలు ఇంటిపేరు ఉప్పలదడియం, పాత టైటిల్స్‌లో 'చిత్తూరు వి. నాగయ్య' అని పడుతుందే, ఆ 'వి' అదే. 1946లో వచ్చిన త్యాగయ్యకి హీరో ఆయనే డైరెక్టరూ ఆయనే, 1965లో పద్మశ్రీ ఇచ్చినారు. మా జేజి టీవీలో ఆయన పాట వస్తే పిండి చేత్తోనే వంటింట్లో నుంచి వచ్చి నిలబడి వింటుంది. ఆయనది మన ఊరు కాదు జేజీ అని ఒకసారి చెప్పి చూసినా, 'పోరా, నీకేం తెలుసు' అనింది.

కాళహస్తి_సినిమాపిచ్చి:
ఊరు ఇంటిపేరైనోళ్లు తక్కువ గానీ సినిమానే ఇంటిపేరైనోళ్లు దండిగా ఉండారు. షావుకారు జానకి, సాక్షి రంగారావు, శుభలేఖ సుధాకర్, ఆహుతి ప్రసాద్, మొన్నమొన్నటి అల్లరి నరేష్, వెన్నెల కిశోర్ దాకా అందరిదీ అదే కథ, ఇవన్నీ విడివిడిగా అడగబాకు బోర్ కొడుతుంది, ఒకే ప్రశ్నలో జతపరచండి అని ఇచ్చెయ్. వీటిల్లో నాకు నచ్చింది మాత్రం సుత్తి. 1982లో నాలుగు స్తంభాలాటలో వీరభద్రరావు, వేలు అనే ఇంకో నటుణ్ణి పట్టుకోని వదలకుండా మాటల్తో వాయిస్తాడు చూడు, ఆ దెబ్బకి ఇద్దరి పేర్ల ముందరా సుత్తి వచ్చి కూర్చునింది. కొట్టినోడికీ సుత్తే, తిన్నోడికీ సుత్తే!! ఇంకొకటి, మెగాస్టార్ కంటే ముందు చిరంజీవికి సుప్రీం హీరో అని వేసేవాళ్లు, 1988లో మరణమృదంగంతో మెగాస్టార్ అయింది. మన పక్కోడే మోహన్ బాబు, కలెక్షన్ కింగ్ అని అందరికీ తెలుసు, అసలు పేరు భక్తవత్సలం నాయుడు అని ఎంతమందికి తెలుసో అడిగి చూడు.

గ్రౌండ్_బ్యాచ్_తిరుపతి:
స్పోర్ట్స్ నేను చెప్తా. ద్రావిడ్‌ని ది వాల్ అంటారని అందరికీ తెలుసు, టీమ్‌లో వాళ్లు మాత్రం జామీ అని పిలిచేవాళ్లు, ఎందుకంటే వాళ్ల నాయన జామ్ కంపెనీలో పని చేసేవాడు. ధ్యాన్‌చంద్ అసలు పేరు ధ్యాన్ సింగ్, మిలిటరీలో డ్యూటీ అయిపోయినాక వెన్నెల్లో హాకీ ప్రాక్టీస్ చేసేవాడని, చంద్ అంటే చందమామ కదా, అట్ల తగిలించినారు. పి.టి. ఉష పయ్యోలి ఎక్స్‌ప్రెస్, పయ్యోలి వాళ్ల ఊరు, 1984 ఒలింపిక్స్‌లో సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం పోయింది, ఇప్పటికీ తల్చుకుంటే కడుపు మండుతుంది. మిల్కా సింగ్‌కి ఫ్లయింగ్ సిక్ అని నెహ్రూ పేరు పెట్టినాడు.

గిరింపేట_గిరి:
నెహ్రూ కాదు బ్రదర్, అయూబ్ ఖాన్. 1960లో లాహోర్‌లో వాళ్ల అబ్దుల్ ఖాలిక్‌ని ఓడిస్తే, పాకిస్తాన్ ప్రెసిడెంటే అన్న మాట అది. ఓడిపోయిన పక్కోడు పెట్టిన పేరు, అందుకే దానికి అంత విలువ. అన్నా ఇది తప్పు రాసుకున్నావంటే అయ్యవారు మళ్లీ లేస్తారు చూసుకో 😀

గ్రౌండ్_బ్యాచ్_తిరుపతి:
సారీ సారీ, అవును అయూబ్ ఖానే. పాకిస్తాన్‌కి పోనని మిల్కా మొండికేస్తే నచ్చజెప్పి పంపింది నెహ్రూ, అక్కడ కలిపేసుకున్నా.

అలిపిరి_మెట్లు:
ఇంతమంది తిరుపతోళ్లుండి కొండ మీద పేర్లు ఒక్కరూ చెప్పలేదే. మహా దేవుడికే మనం వడ్డికాసులవాడు అని పేరు పెట్టినాం, పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేసి ఇంకా వడ్డీ కడతా ఉండాడని! ఇంక హథీరాం బావాజీ. స్వామి రోజూ రాత్రి మఠానికి వచ్చి బావాజీతో పాచికలాడేవాడంట, ఒకరోజు నగ మర్చిపోయి పోతే బావాజీ మీద దొంగతనం వేసినారు, బండెడు చెరుకు గదిలో వేసి తెల్లారేలోపల తినేస్తేనే నిన్ను నమ్ముతాం అన్నారు. ఆయన నిద్రపోయినాడు, ఏనుగు వచ్చి మొత్తం నమిలేసింది. హాథీ అంటే హిందీలో ఏనుగు, అదీ పేరు. కథ కథే అనుకో, కానీ ఆ మఠం మహంతులే 1843 నుంచి 1933 దాకా, అంటే తొంభై ఏళ్లు, గుడి పెత్తనం చూసినారు. ఇంకోటి మన్రో దొర, 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల కలెక్టరు. ఆయన పేరు మీద నైవేద్యానికిచ్చిన పెద్ద పాత్రని ఇప్పటికీ మన్రో గంగాళం అనే అంటారు. కడప, అనంతపురం పక్క పిల్లోళ్లకి మన్రోలప్ప అని పేర్లు కూడా పెట్టుకున్నారు. తెల్లదొర పేరుకి అప్ప తగిలించి మనోణ్ణి చేసేసుకున్నారు చూడు, బిరుదు అంటే అదీ. సభ పెట్టి శాలువా కప్పి ఇచ్చేవి శాలువా మడత పెట్టేలోపల మర్చిపోతారు.

నగరి_అక్క:
శాలువాని అంత తీసిపారేయొద్దు తమ్ముడూ, పెద్దనకి ఆంధ్ర కవితా పితామహుడు అని రాయలు ఇచ్చిందే కదా, ఐదొందల ఏళ్లయినా చెప్పుకుంటానే ఉండాం. ఆంధ్రకేసరి వద్దన్నావు గానీ బాబూ, తిప్పి అడగొచ్చు. ప్రకాశం పంతులు తుపాకులకి రొమ్ము చూపించింది ఏ ఊళ్లో అని అడుగు. అందరూ బెజవాడ, ఒంగోలు అంటారు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు, మద్రాసులో.

బైరాగిపట్టెడ_బ్యాచ్:
అక్కా సూపర్, తిప్పి అడగడం అనే ఐడియా తట్టనే లేదు నాకు. అన్నీ నోట్ చేసుకున్నా. హథీరాం బావాజీది పిల్లోళ్ల రౌండ్‌కి, జామీ మా కింద ఫ్లోర్ క్రికెట్ గ్యాంగ్‌కి. సాయంత్రం అయ్యవారి ఇంటికి పోయి సారీ కూడా చెప్పొచ్చినా. కాఫీ ఇచ్చి, 'మార్కు సంగతి వదిలెయ్ నాయనా, ఆ ఉప్పలదడియం సరిగ్గా పలుకు ముందు' అని మూడుసార్లు చెప్పించినారు.