ఐదో ఎత్తులో గుర్రంతో కొట్టడమే నా తప్పా?

ప్రశ్న:
ఆదివారం చెస్ ఓపెన్ టోర్నీ, నాలుగో రౌండ్. నాకు నల్లపావులు. ఎదురుగా పదేళ్ల పిల్లాడు, కాళ్లు నేలకు అందట్లేదు. ఆట ఇలా మొదలైంది (ముందు తెల్ల ఎత్తు, తర్వాత నాది; ఒట్టి గడి పేరుంటే అది బంటు ఎత్తు): ఈ4 ఈ5, గుర్రం ఎఫ్3 గుర్రం సి6, బిషప్ సి4 గుర్రం ఎఫ్6. నాలుగో ఎత్తుకే గుర్రాన్ని జీ5లో పెట్టాడు. ఎఫ్7 మీద కన్నేశాడని డి5 తోశాను, బంటుతో కొట్టాడు, నేను గుర్రంతో తిరిగి కొట్టాను. వెంటనే వాడి గుర్రం ఎఫ్7లో పడింది! రాజుతో తీసుకున్నాను, క్వీన్ ఎఫ్3కి వచ్చి చెక్, డి5 గుర్రం పోకూడదంటే రాజు ఈ6కి రావాల్సిందే. బోర్డు నడిమధ్యలో రాజును పెట్టుకుని ఇరవై నిమిషాలు చూస్తూ కూర్చున్నా, టెన్షన్‌తో చేతులు చల్లబడిపోయాయి. 19వ ఎత్తుకి మేట్. ఒక గుర్రం ఎక్కువుండి కూడా ఎలా ఓడిపోయాను?

జవాబు 1:
గుర్రాన్ని బలిచ్చి రాజును బయటికి లాగే ఈ దాడిని ఫ్రైడ్ లివర్ అంటారు బ్రదర్. 400 ఏళ్ల కిందట ఇటలీలో పొలెరియో అనే ఆటగాడు ఆడిన ఆటలోనూ ఇదే వరస. మీ తప్పు ఐదో ఎత్తే. బంటు పోయింది కదా, తిరిగి కొట్టేద్దాం అని చెయ్యి దానంతటదే వెళ్తుంది, నేనూ అలాగే రెండుసార్లు ఓడాను. కొట్టకుండా సి6 గుర్రాన్ని ఏ5కి తీసి బిషప్‌ని తరమాలి. బిషప్ బి5 చెక్ ఇస్తే సి6, బంట్లు మారాక బిషప్ ఈ2కి వెనక్కి పోతే హెచ్6, ఆ తర్వాత ఈ4. ఒక బంటు తక్కువే, కానీ వాళ్ల గుర్రం, బిషప్ తిరిగిన చోటే తిరుగుతుంటే ఆలోపు మీ పావులన్నీ బయటికొచ్చేస్తాయి.

జవాబు 2:
బంటు వదులుకోవడం ఇష్టం లేకపోతే మూడో ఎత్తుకి బిషప్ సి5 ఆడండి. అప్పుడు గుర్రం జీ5కి వస్తే డి8లో ఉన్న క్వీన్ నేరుగా వెళ్లి తినేస్తుంది. బిగినర్స్‌కి నేను ఇదే చెప్తాను.

ప్రశ్న అడిగినవారు:
రాత్రి బోర్డు పెట్టి మీరు చెప్పిన గుర్రం ఏ5 వరస ఆడి చూశాను అన్నా. బంట్లు మారాక బిషప్ వెనక్కి వెళ్లకుండా తెల్ల క్వీన్ ఎఫ్3కి వస్తే? సి6 బంటు, దాని వెనక మూల ఏనుగు రెండూ గురిలో ఉన్నాయి.

జవాబు 1:
ఏనుగుని బి8కి జరపండి, బి5 బిషప్ మీదికి వస్తుంది. సి6 తింటే తిననివ్వండి, మీ పావులకి దారులు తెరుచుకుంటాయి.